తెల్వదని చెప్పే మరమనిషి

కరెంటు పోయిన సంగతి మరమనిషికి తెలియలేదు.

1998 జూన్. పటాన్‌చెరులో హైవే పక్క ఖాళీ జాగాలో ఎగ్జిబిషన్ పెట్టారు. రంగులరాట్నం, గాజుల దుకాణాలు, మిర్చి బజ్జీల బండ్లు, చివర ఒక డేరా. డేరా మీద బోర్డు: '2050 నుంచి వచ్చిన మరమనిషి. అడగండి, చెబుతుంది.' లోపల ప్లైవుడ్ గోడకు ఆనించి మనిషంత ఎత్తు బొమ్మ. రేకు ఒళ్ళు, కళ్ళున్న చోట ఎర్ర బల్బులు, ఛాతీ మీద వెలిగి ఆరే లైట్లు. ముందు ఒక స్టూలు. స్టూలు మీద కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మైకులో ప్రశ్న అడిగితే జవాబు చెవిలో వినిపించేది.

ఆ సాయంత్రం స్టూలు మీద యాదగిరి కూర్చున్నాడు. కర్దనూర్ వాడు. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పని. కంపెనీ బస్సు పటాన్‌చెరులో దింపితే అక్కడి నుంచి సైకిల్ మీద ఊరికి వెళ్తాడు. అతను కూర్చున్న కాసేపటికే వాన మొదలైంది. లైన్లో ఉన్నవాళ్ళు దుకాణాల చూర్ల కిందికి పరుగెత్తారు.

"నాకు ఇంక్రిమెంట్ వస్తదా?" అని అడిగాడు.

"కష్టపడు. ఫలితం ఉంటది," అంది మరమనిషి. గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంది.

"పెండ్లి?"

"ఈ సంవత్సరం..."

బల్బులు ఆరిపోయాయి. రంగులరాట్నం ఆగింది. గాజుల దుకాణంలో పాట ఆగింది. హెడ్‌ఫోన్‌లో గురగుర ఆగింది. మరమనిషి మాత్రం ఆగలేదు.

"...నీ ఇంట్ల శుభకార్యం జరుగుతది. పిల్ల గుణం మంచిది. జెర కోపం ఎక్కువ."

యాదగిరి హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గొంతు ప్లైవుడ్ గోడ వెనక నుంచి వస్తోంది. ఇప్పుడు అది రేకు గొంతు కాదు, ఆడపిల్ల గొంతు. వాన మోతలో వినబడదేమోనని గట్టిగా చెబుతోంది.

"కోపమంటే ఎంత?" అని అడిగాడు, మైకు పక్కన పెట్టి.

"గిన్నెలు ఇసిరేంత ఉండదు. అలుగుతది గంతే."

"మరమనిషీ."

"అడుగు."

"కరెంటు పోయింది."

డేరా మీద వాన పడుతోంది.

"పోతే?" అంది గొంతు.

"పోతే నువ్వెట్ల మాట్లాడుతున్నవ్?"

"బ్యాటరీ ఉంది."

"హెడ్‌ఫోన్ నా ఒళ్లె ఉంది."

ఈసారి గోడ వెనక నుంచి తుమ్ము వినిపించింది.

"దుమ్ము పడ్డది," అంది గొంతు.

"మిషిన్ల దుమ్ము పడితే తుడిచి నూనె పోస్తరు. మా కంపెనీల గిట్ల తుమ్మే మిషిన్ ఒక్కటి లేదు."

"బయటికి పోయి ఎవరికన్న చెప్తవా?"

"చెప్పను. ఇంకొక్క ప్రశ్న ఉంది."

"ఏంది?"

"పేరు."

"వచ్చే సంవత్సరం తెలుస్తది. తర్వాతోళ్లను పంపు."

"తర్వాత ఎవ్వరు లేరు. అందరు వానకు ఉరికిన్రు."

"అయితే నువ్వు గూడ ఉరుకు."

యాదగిరి నవ్వుకుంటూ వానలోకి వెళ్ళాడు.

గోడ వెనకున్న పిల్ల పేరు కౌసల్య. వెలిమెల వాళ్ళది. ఇంటర్ అయ్యాక చదువు ఆగింది. తండ్రి నర్సన్నకు ఆటో ఉంది. దాని మీద మైకు కట్టి ఊళ్ళల్లో ప్రచారం తిప్పుతాడు. పోలియో చుక్కలు, కొత్త బట్టల దుకాణం, తప్పిపోయిన బర్రె. ఆ మాటలన్నీ క్యాసెట్‌లో చెప్పేది కౌసల్యే.

డేరా యజమాని చలపతిరావుది గుంటూరు వైపు. మరమనిషిని ఢిల్లీలో కొన్నాడు. దానితో హిందీ టేపు వచ్చింది. ఇక్కడివాళ్ళకు హిందీ అర్థమైంది కానీ, జోస్యం హిందీలో చెబితే నమ్మబుద్ధి కాలేదు. విజయవాడలో తెలుగు టేపు చేయించి తెచ్చాడు. విన్నవాళ్ళు "రేడియోల వార్తలు చదివినట్టుంది" అని నవ్వి లేచిపోయారు. ఎండలకు ఆ టేపు కూడా సాగిపోయింది. ఆ రోజే నర్సన్న ఆటో తప్పిపోయిన బర్రె గురించి చెబుతూ డేరా ముందు నుంచి వెళ్ళింది. రోడ్డు మీద జనం నిలబడి విన్నారు. చలపతిరావు ఆటో వెనక పరుగెత్తాడు.

"ఆ అమ్మాయి గొంతు కావాలండీ. సాయంత్రం పూట వస్తే చాలు. గోడ వెనక కూర్చుంటుంది, ఎవరికీ కనపడదు."

"మనిషి కూసోని మాట్లాడితే అది మరమనిషి ఎట్లయితది సార్?" అన్నాడు నర్సన్న.

"టేపు సాగుతుంది, మిషను చెడుతుంది. మనిషే నయమండీ."

నర్సన్న ఇంట్లో అడిగాడు. కౌసల్య వెళ్తానంది. రోజూ ఆమెను దింపి, డేరా బయట ఆటోలోనే కూర్చునేవాడు.

ఆ ఏడు ఆ చుట్టుపక్కల మరమనుషుల మాట ఎక్కువగా వినబడేది. ఒక ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు ఎత్తి పేర్చే ఇనుప చెయ్యి దిగింది. పెట్టెలు మోసే కాంట్రాక్టు మనుషులను మాన్పించారు. వారపత్రికల సీరియళ్ళలో మరమనుషులు యజమాని గొంతు పిసికేవి. చాయ్ హోటల్లో చదివినవాళ్ళు చదవనివాళ్ళకు ఆ కథలు చెప్పేవాళ్ళు. అవన్నీ విన్నవాళ్ళే షిఫ్టు దిగి వచ్చి డేరా ముందు లైన్లో నిలబడేవాళ్ళు. కొందరు చెప్పులు బయట విడిచేవాళ్ళు. ఒకామె రేకు నుదుటికి బొట్టు పెట్టింది. తుడవొద్దన్నాడు చలపతిరావు.

పోచయ్య అనే హమాలీ వచ్చి, స్టూలు మీద కాకుండా కింద కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ తీగ సాగదీసి ఇచ్చారు. పేరు చెప్పి, ప్రశ్న అడిగాడు.

"మీ జాతోళ్లు మా కంపెనీకి ఎప్పుడొస్తరు? కోపంతోని అడుగుతలేను. వచ్చేటట్టుంటే ముందుగాల చెప్తే ఊర్ల ఎవుసం చూసుకుంట."

దీనికి చలపతిరావు నేర్పిన జవాబు ఉంది. భయపడకు, అంతా మంచే జరుగుతుంది. కౌసల్యకు ఆ మాట నోట రాలేదు.

"నాకు తెల్వదు," అంది.

పోచయ్య హెడ్‌ఫోన్ తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏమన్నవ్?"

"తెల్వదు పోచన్నా. తెలిస్తే చెప్పకపోదునా."

పోచయ్య ఆ మాట చాయ్ హోటల్లో చెప్పాడు. "అది తెల్వదన్నది. మన సూపర్‌వైజర్ నోట్లె ఆ మాట ఎన్నడన్న విన్నరా?"

చలపతిరావు కౌసల్యను మందలించాడు. "తెలియదని చెప్పే జోస్యాన్ని ఎవరమ్మా టికెట్టు కొని వినేది?" మర్నాడు లైను హైవే దాకా వచ్చింది. ఆ తర్వాత అతను ఆ సంగతి ఎత్తలేదు.

యాదగిరి షిఫ్టు దిగిన ప్రతి సాయంత్రం వచ్చేవాడు.

"మళ్లొచ్చినవా? ఇంక్రిమెంట్ సంగతి నాకు తెల్వదని నిన్ననే చెప్పిన గద."

"గది కాదు. నువ్వు తిన్నవా అని అడగనీకి వచ్చిన."

"మిషిన్లు తినయ్."

"బయట బజ్జీలు వేస్తున్నరు. వేడివేడి."

"మిషిన్‌కి రెండు చాలు," అంది గొంతు.

బజ్జీలు కొన్నాక వాటిని లోపలికి ఎలా పంపాలో అతనికి తోచలేదు. డేరా పక్కన ఆటో ఉంది. డ్రైవర్ వెనక సీట్లో కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"అన్నా, ఆ గోడెనక ఉండే పిల్ల నీ ఆటోలనే పోతదా?"

"పోతది."

"ఎవరి పిల్ల?"

"నా పిల్ల."

యాదగిరి చేతిలో పొట్లం చూసుకున్నాడు. "ఇవి మీకే తెచ్చిన, కాకా," అన్నాడు.

"అన్న ఇంత జల్దీ కాకా అయ్యిండా?" నర్సన్న పొట్లం విప్పాడు. "రెండే ఉన్నయి. నా బిడ్డ రెండే తింటది. పోయి నాకొక రెండు పట్కరా."

ఆ రోజు డేరా మూశాక కౌసల్య బయటికి వచ్చింది. ప్లైవుడ్ గోడకు చిన్న కంత ఉంది కాబట్టి ఆమె అతన్ని రోజూ చూస్తూనే ఉంది. అతను ఆమెను చూడటం అదే మొదలు. చూస్తూ నిలబడ్డాడు.

"గోడ లేకుంటే మాట వస్తలేదా?" అంది కౌసల్య.

"హెడ్‌ఫోన్ లేదు గద."

"చెవులున్నయి."

"లోకమంత మిషిన్లు మనుషుల పని గుంజుకుంటున్నయని పరేషాన్ అవుతుంది. నువ్వేమో మిషిన్ పని గుంజుకున్నవ్."

"గుంజుకోలె. దానికి ఎండదెబ్బ తాకింది. దాని డ్యూటీ నేను చేస్తున్న."

నర్సన్న ఆటో హారన్ కొట్టాడు. కౌసల్య ఎక్కింది. కొంత దూరం వెళ్ళాక ఆటో పక్కనుంచి తల బయటపెట్టి వెనక్కి చూసింది. యాదగిరి సైకిల్ పట్టుకుని అక్కడే ఉన్నాడు.

ఆ తర్వాత డేరా మూసే వేళకు ఆటో దగ్గర అయిదు నిమిషాలు మాట్లాడుకోవడం అలవాటైంది. నర్సన్న ఆ అయిదు నిమిషాలు ఆటో టైర్లు చూసుకునేవాడు.

ఒకసారి యాదగిరి కొన్ని రోజులు కనబడలేదు. వచ్చిన రోజు మైకులో మాట కన్నా ముందు దగ్గు వినిపించింది. బయటికి వచ్చాక కౌసల్య అడిగింది.

"ఎక్కడ నీ పని?"

"స్టోర్స్‌ల."

"స్టోర్స్‌ల కూసుంటే గింత దగ్గు ఎట్లొస్తది?"

యాదగిరి సైకిల్ బెల్లు మీద వేలు పెట్టి తీశాడు. "స్టోర్స్ అని అమ్మకు చెప్పిన. చేసేది రియాక్టర్ల మీద. మా నాయిన చేసిన జాగనే."

అతని తండ్రి మొగులయ్య ఆ ఫ్యాక్టరీలో పనిలో ఉండగానే చనిపోయాడు. ఆ ఉద్యోగమే కొడుక్కి ఇచ్చారు. రియాక్టర్ అంటే మందు ఉడికే పెద్ద ఇనుప పాత్ర. అందులో ద్రావకాలు పోసేటప్పుడు ఆవిరి మనిషి మొహానికి కొడుతుంది.

"అమ్మకు తెలిస్తే మాన్పిస్తది. మానితే ఇల్లు నడవదు," అన్నాడు. "నువ్వు ఎవ్వరికి చెప్పకు."

"నాకెందుకు చెప్పినవ్?"

"మరమనిషికి చెప్పుకున్న అనుకో."

"నేను మరమనిషిని కాదు."

"ఎరుకనే. గందుకే చెప్పిన."

కౌసల్య ఎవరికీ చెప్పనంది.

జూన్ చివరికి యాదగిరి ఇంట్లో పెళ్ళి మాట వచ్చింది. మేనమామ పెద్దరాములు ఒక సంబంధం తెచ్చాడు. యాదగిరి తన తల్లి నర్సింహమ్మతో తనకు నచ్చిన పిల్ల ఉందని చెప్పాడు. ఎగ్జిబిషన్‌లో పని చేస్తుందన్నాడు. ఏం పని అని తల్లి అడిగింది. టికెట్లు ఇస్తుందన్నాడు. డేరాల్లో తిరిగే పిల్లను ఎట్లా నమ్మేది అని తల్లి ఆలోచనలో పడింది.

ఆ సాయంత్రం అతను కౌసల్యతో అన్నాడు. "మా అమ్మ మనుషుల మాట నమ్మదు. మీ మరమనిషి మాట మాత్రం నమ్ముతది. తెల్వకుంటే తెల్వదని చెప్తదట గద అని మా ఊర్ల అందరు అంటున్రు. నేను ఆమెను తోల్కొస్త. ఒక్క మాట చెప్పు. పిల్ల మంచిది, చేసుకొమ్మని."

కౌసల్య అతని వైపు చూసింది. "మీ అమ్మకు ఇప్పటిదాక ఎన్ని చెప్పినవ్?"

"ఏం చెప్పిన?"

"స్టోర్స్ ఒకటి. టికెట్లు రెండు. మూడోది నా నోటితోని చెప్పియ్యాలె అంటవ్."

"అది అబద్ధం కాదు గద. నువ్వు మంచిదానివే."

"నేను మంచిదాన్నని నేనే చెప్పుకోవాల్నా? గోడెనక కూసోని? రేపు ఆమెకు తెలుస్తది. తెలిసినంక నా మొకం ఎట్ల సూస్తది?"

"తెల్వదు."

"నా మాట నాకే చెప్పకు."

"మరి ఎట్ల ఒప్పియ్యాలె?"

"నిజం చెప్పి ఒప్పియ్యి."

"చెప్తే ఒప్పుకోదు."

"అయితే నీకు పెండ్లాం కాదు కావాల్సింది. ఈ రేకు బొమ్మను తోల్కపో. ఏది చెప్పుమంటే అది చెప్తది."

ఆమె ఆటో ఎక్కింది. ఆ రోజు వెనక్కి చూడలేదు.

యాదగిరి రావడం మానేశాడు. కౌసల్య కంతలోంచి లైన్లో ప్రతి చొక్కా చూసేది. అలుగుతది గంతే, గిన్నెలు ఇసిరేంత ఉండదు అని ఆ రోజు గోడ వెనక నుంచి తనే చెప్పింది. ఇప్పుడు అలిగింది అతను. ఆటోలో తండ్రి రెండుసార్లు అడగబోయి ఊరుకున్నాడు.

ఒక సాయంత్రం నడివయసు ఆడమనిషి ఒకతె లోపలికి వచ్చింది. ఆమె చంకలో చాట ఉంది. చాట మీద బట్ట కప్పి ఉంది. స్టూలు పక్కకు జరిపి, నేల మీద కూర్చుని, బట్ట తీసింది. చాటలో బియ్యం.

ఆ ఊళ్ళల్లో సోది చెప్పే ఆడవాళ్ళు వస్తారు. అడిగేవాళ్ళు చాటలో బియ్యం పోస్తారు. చెప్పేవాళ్ళు బియ్యం మీద చెయ్యి పెట్టి చెబుతారు. అలా చెయ్యి పెట్టాక అబద్ధం చెప్పకూడదు. చెబితే వాళ్ళ ఇల్లు నిలవదంటారు.

"దీని చెయ్యి ఇండ్ల పెట్టు," అంది ఆమె చలపతిరావుతో.

"ఏంటమ్మా ఇది? పద్ధతి ఇలా కాదు, హెడ్‌ఫోన్..."

"చెయ్యి పెట్టు బాబూ."

మరమనిషి చెయ్యి ఆడించడానికి ఒక తీగ ఉంది. చలపతిరావు లాగాడు. రేకు చెయ్యి కిర్రుమంటూ దిగి బియ్యంలో ఆనింది. లైన్లో ఉన్నవాళ్ళు మెడలు చాచి చూశారు. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుంది.

"నా పేరు నర్సింహమ్మ. కర్దనూర్."

గోడ వెనక కౌసల్య రెండు చేతులతో మైకు పట్టుకుంది. "వింటున్న అమ్మా," అంది.

"నా మొగడు మొగులయ్య. పొద్దున సద్ది కట్టుకొని కంపెనీకి పోయిండు. పొద్దుగూకేసరికి దవాఖానల పండవెట్టిన్రు. గుండె ఆగిందని కంపెనీవోళ్లు చెప్పిన్రు. తాగి పనికి వచ్చిండని ఇంకొకడు చెప్పిండు. నా మొగడు కల్లు సుత తాగడు. మా అన్న పెద్దరాములు కంపెనీవోళ్ల కాయిదం మీద ఏలుముద్ర వెట్టించి, అంత మన మంచికే అన్నడు. నాకు ఇప్పటిదాక నిజం చెప్పినోళ్లు లేరు."

ఆమె ఆగింది. సోది వినేటప్పుడు అవతలివాళ్ళు ఊ కొడతారని ఎదురు చూస్తున్నట్టుంది.

"ఊ," అంది కౌసల్య.

"నువ్వు ఇనుమువి. నీకు కడుపు లేదు. కడుపు లేనిదానికి అబద్ధంతోని ఏం పని? నిన్ను చూసి అందరు భయపడుతున్రు. మా పనులు గుంజుకుంటవని, గొంతు పిసుకుతవని. నాకు నీ భయం లేదు. నన్ను భయపెట్టింది కడుపున్నోళ్లే."

"ఊ."

"రెండు మాటలు అడుగుత. నా కొడుకు యాదగిరి స్టోర్స్‌ల పని అంటడు. నిజమేనా? రెండోది. వాడొక పిల్లను చేసుకుంట అంటుండు. ఈ ఎగ్జిబిషన్ల పని చేసే పిల్లనే. ఆ పిల్లను నమ్మొచ్చునా?"

కౌసల్య కంతలోంచి చూసింది. నర్సింహమ్మ రేకు మొహం వైపు చూస్తోంది. ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి.

రెండో మాటకు నమ్మొచ్చు అంటే సరిపోతుంది. గోడ వెనక ఎవరున్నదీ చలపతిరావుకు, తన ఇంట్లోవాళ్ళకు, యాదగిరికి తప్ప తెలియదు. వాళ్ళెవరూ చెప్పరు. పెళ్ళి జరుగుతుంది. మొదటి మాటకు తెల్వదు అనొచ్చు. యాదగిరికి ఇచ్చిన మాట కూడా నిలుస్తుంది. ఇన్ని రోజులూ ఎందరికో ఆ మాటే చెప్పింది, తెలియకనే చెప్పింది. ఇవాళ అంటే మాత్రం అది అబద్ధం. బియ్యం మీద ఉన్నది రేకు చెయ్యి. ఆమె చెయ్యి కాదు.

కౌసల్య మైకు ఆపింది. ప్లైవుడ్ పలక తీసి బయటికి వచ్చింది.

లైన్లో ఉన్నవాళ్ళకు ముందు అర్థం కాలేదు. చలపతిరావుకు అర్థమైంది. "అమ్మాయ్, లోపలికి వెళ్ళు," అన్నాడు మెల్లగా. ఆమె నర్సింహమ్మ ఎదురుగా కూర్చుంది. రేకు చెయ్యి పక్కకు తీసి, తన చెయ్యి బియ్యంలో పెట్టింది.

"మిషిన్ మాట్లాడదు అమ్మా. మాట్లాడేది నేను."

నర్సింహమ్మ హెడ్‌ఫోన్ తీసింది.

"నా పేరు కౌసల్య. మీ కొడుకు చెప్పిన పిల్లను నేనే. టికెట్లు ఇయ్యను. గీ పని చేస్త. రెండో మాట నన్ను అడగకుండ్రి. అడిగితే నమ్ముమనే అంట. దాంట్ల నా లాభం ఉంది. మొదటి మాటకు చెప్త. స్టోర్స్‌ల లేడు. వాళ్ల నాయిన చేసిన జాగలనే చేస్తుండు. మీకు చెప్పొద్దన్నడు, నేను చెప్పనన్న. ఇప్పుడు చెప్పిన. ఇగ నాతోని మాట్లాడడు కావచ్చు."

నర్సింహమ్మ చాలాసేపు ఆ చెయ్యి వైపే చూసింది.

"స్టోర్స్‌ల లేడని నాకు ఎరుకనే," అంది.

కౌసల్య తల ఎత్తింది.

"వాని చొక్కా ఉతికేది నేను. మొగని చొక్కా వాసన మర్శిపోతనా బిడ్డా? తెలిసింది ఒకటి అడిగితేనే గద, తెల్వనిదానికి చెప్పే మాట నమ్మాల్నో వద్దో తెలిసేది."

అప్పటికి లైన్లో గోల మొదలైంది. మోసం అని ఒకడు అరిచాడు. ఇంకొకడు చెప్పు విసిరాడు. మరమనిషి ఎర్ర కన్ను ఒకటి పగిలింది. చలపతిరావు బొమ్మకు అడ్డంగా నిలబడ్డాడు.

"దాన్నెందుకు కొడుతున్రు?" అన్నాడు లైన్లోంచి పోచయ్య. "అది ఒక్క మాటన్న మాట్లాడిందా?"

చెప్పు విసిరినవాడు దాన్ని తెచ్చుకోవడానికి వంగాడు. కొందరు నవ్వారు. పోచయ్య ముందుకు వచ్చాడు.

"నాకు తెల్వదని చెప్పింది నువ్వేనా?"

"నేనే పోచన్నా."

"ఇప్పుడన్న తెలిసిందా?"

"లేదు."

పోచయ్య తల ఊపి బయటికి వెళ్ళాడు. అతని వెనక మరికొందరు వెళ్ళారు. నర్సింహమ్మ చాటలో బియ్యం కౌసల్య చున్నీలో పోసింది. సోది చెప్పినవాళ్ళకు బియ్యం ఇవ్వాలి, ఇచ్చింది. లేచి బయటికి వెళ్ళింది.

చలపతిరావు కింద పడిన గాజు పెంకులు ఏరాడు. "రేపటి నుంచి రావద్దులేమ్మా," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. "కథల్లో ఇవి యజమానిని ముంచుతాయని రాస్తారు. నిజమే అనుకోలేదు."

"తప్పయింది సార్."

"తప్పు కాదులే. వెళ్ళు."

కౌసల్య బయటికి వచ్చేసరికి సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆటో వెనక సీట్లో నర్సింహమ్మ కూర్చుని ఉంది. నర్సన్న కింద నిలబడి, కూతురి వైపు, ఆటో వైపు మార్చి మార్చి చూస్తున్నాడు.

"మీ ఇల్లెక్కడ?" అంది నర్సింహమ్మ.

"వెలిమెల."

"నడువుండ్రి, పోదాం."

అదే సమయానికి కంపెనీ బస్సు దిగి యాదగిరి వచ్చాడు. అన్ని రోజుల తర్వాత క్షమాపణ చెప్పుకుందామని వచ్చినవాడు, ఆటోలో తల్లిని చూసి ఆగిపోయాడు.

"అమ్మా, నువ్వేంది గీడ?"

"నిన్ను అడగవలసింది ఈ పిల్లను అడిగిన. చెప్పింది."

యాదగిరి కౌసల్య వైపు చూశాడు. "ఏం చెప్పినవ్?"

"రియాక్టర్."

అతని మొహం మారింది. "చెప్పొద్దన్న గద."

"అన్నవ్."

"చెప్పనన్నవ్ గద."

"అన్న."

"పిల్లనేమి అడుగుతవ్? నన్నడుగు," అంది నర్సింహమ్మ. "రేపు పోయి స్టోర్స్‌ల వెయ్యమని అడుగు. ఇయ్యకుంటే మానెయ్."

"ఇల్లెట్ల నడుస్తదే?"

"నేను నాట్లకు పోత. నువ్వు ఇంకో పని చూసుకో. నీ నాయిన ఉన్ననాడు ఎట్ల నడిచిందో అట్ల నడవదు. అయినా నడుస్తది. ఇంకొక మొగోణ్ణి నేను దవాఖాన నుంచి తెచ్చుకోను." ఆమె సీట్లో పక్కకు జరిగింది. "సైకిల్ ఈడ పెట్టి ఎక్కు."

"ఎటు?"

"పిల్ల ఇల్లు చూడనీకి."

"ఒప్పుకున్నవా?"

"ఒప్పుకున్న అని ఎవరన్నరు? ఇల్లు చూస్త అన్న."

ఆటోలో వెనక ముగ్గురు, మధ్యలో నర్సింహమ్మ. యాదగిరి ముందుకు వంగి కౌసల్యను చూడబోతే తల్లి చాట అడ్డం పెట్టుకుంది. వాన పడితే తడవకుండా అన్నట్టు. నర్సన్న దారి పొడవునా వెనక్కి తిరగలేదు.

వెలిమెలలో కౌసల్య తల్లి ఆగమ్మ వాకిట్లో బర్రెకు కుడితి పెడుతోంది. ఆటోలోంచి దిగినవాళ్ళను చూసి చేతులు కడుక్కుంది. నర్సన్న ఆమెను పక్కకు పిలిచి నాలుగు మాటల్లో చెప్పాడు. ఆగమ్మ చాప పరిచి లోపలికి వెళ్ళింది.

పిల్లను చూడ వచ్చినవాళ్ళకు సంబంధం ఇష్టం లేకపోతే ఆ ఇంట్లో పచ్చి నీళ్ళు కూడా తాగరు. చెప్పడానికి మొహమాటపడే మాట అలా చెబుతారు. ఆగమ్మ చాయ్ తెచ్చి నర్సింహమ్మ ముందు పెట్టింది. నర్సింహమ్మ కప్పు ముట్టుకోలేదు. ఇంటి కప్పు చూసింది. గోడకు మేకుకు వేలాడుతున్న ఆటో మైకు చూసింది. ఎంత భూమి అని అడిగింది. ఎకరం ఉండేది, అమ్మేశామన్నాడు నర్సన్న.

బయట చూరు కింద కౌసల్య, యాదగిరి నిలబడ్డారు. మధ్య జానెడు దూరం. చూరు నీళ్ళు కాళ్ళ మీద పడుతున్నాయి.

"కోపం ఉందా నా మీద?" అంది కౌసల్య.

"ఉంది."

"ఎంత?"

"ఆటో ఎక్కినప్పుడు శాన ఉండె. దిగినంక కొంచెం పోయింది." యాదగిరి దగ్గాడు. "నువ్వు చెప్పకుంటే నేను ఎన్నడు చెప్పకపోదును. అట్లనే చేస్త ఉంటి."

"ఎరుకనే."

"ఆ రోజు నేను అడిగింది తప్పు."

"అది గూడ ఎరుకనే. జరుగు, తడుస్తున్నవ్."

అతను జరిగాడు. జానెడు దూరం తగ్గింది.

లోపల నర్సింహమ్మ ఆగమ్మతో అంటోంది. "అక్కా, ఒక్కటి అడుగుత. నీ బిడ్డ అబద్ధం ఆడదా?"

ఆగమ్మ తలుపు వైపు చూసింది. అక్కడి నుంచి చూరు కింద కూతురు కనబడుతోంది.

"ఎందుకాడదు? ఆడుతది," అంది. "ఇంట్ల అన్నం తక్కువున్ననాడు, నేను ఎగ్జిబిషన్ల తినొచ్చిన అంటది."

నర్సింహమ్మ కప్పు అందుకుంది. చాయ్ అప్పటికే చల్లారి మీగడ కట్టింది. అంతా తాగింది.